డాబా మీద కోళ్ళు, పావురాలు: పక్కింటోళ్ళతో గొడవ అసలు ఎక్కడ మొదలైతది

హైదరాబాద్‌లో పక్షులు పెంచుడు కొత్త ముచ్చటేం కాదు. పాతబస్తీ మిద్దెల మీద పావురాల గూళ్ళు తరతరాల నుంచి ఉన్నయి, చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌కి పోతే నాటుకోడి, అసీల్ పుంజు, బాతు, లవ్ బర్డ్స్ అన్నీ ఒక్క గల్లీలోనే దొరుకుతయి. మారింది పక్షులు కాదు, ఇళ్ళు. ఒకప్పుడు ఇంటెనక పెరడు ఉండేది, కోడి రెట్ట ఏసినా మట్టిలో కలిసిపోయేది, నడుమ రెండు చెట్లు, ఒక ప్రహరీ గోడ ఉండేటివి. ఇప్పుడు ఉప్పల్ అయినా, కూకట్‌పల్లి అయినా, మలక్‌పేట అయినా 150 గజాల్లో మూడంతస్తులు లేపి గోడకి గోడ ఆనించి కట్టుకుంటున్నరు, పెరడు పోయింది, మట్టి పోయింది, కోళ్ళు మాత్రం సిమెంటు స్లాబ్ మీదికి ఎక్కినయి. నాటుగుడ్ల కోసం నాలుగు పెట్టలు పెట్టుకున్నోళ్ళు ఉన్నరు, కౌజు పిట్టలు పెంచి అమ్ముకునేటోళ్ళు ఉన్నరు, పావురాలంటే ప్రాణం ఇచ్చేటోళ్ళు ఉన్నరు. పక్కింటోళ్ళకి వీళ్ళెవరి మీదా పగ ఉండదు, వాసనొస్తుంది, ఈగలొస్తున్నయి, నిద్ర పడ్తలేదు, అంతే వాళ్ళ బాధ.

ఈ ఇబ్బందులన్నీ ఒక్క మూటగట్టి చూస్తే పరిష్కారం దొరకదు. వాసన, ఈగలు, ఎలుకలు, ఇంకా చానా మటుకు రోగాలు, వీటన్నిటి వెనక ఉండేది రెండే రెండు: తడి, మిగిలిపోయిన దాణా. పుంజు కూత మాత్రం పూర్తిగా వేరే లెక్క, అది ఎంత శుభ్రం చేసినా పోయేది కాదు. ఈ తేడా తెలవకనే పెంచేటోళ్ళు ఫినాయిలు పోస్తనే ఉంటరు, పక్కింటోళ్ళు తిడుతనే ఉంటరు.

ముందుగాల రెట్ట సంగతి చూద్దాం. పక్షులకి మనలాగ మూత్రం విడిగా రాదు, రెట్టలో తెల్లగ కనిపించేదే యూరిక్ ఆమ్లం. అది ఎండిపోయి ఉన్నంత సేపు పెద్దగ వాసన రాదు. తడి తగిలిందంటే అందులోని బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తది, ముక్కుకి ఘాటుగ తగిలేది, కళ్ళు మండించేది అదే. గుడ్లు పెట్టే పెట్ట ఒక్కటి రోజుకి సుమారు 100 గ్రాములు లేదా ఇంకా కొంచెం ఎక్కువే రెట్ట ఏస్తది, అందులో మూడొంతులు నీళ్ళే. పది కోళ్ళంటే రోజుకి కిలో, నెలకి 30 కిలోల పైమాటే. ఇంత సరుకు ప్రతి నెలా ఒక డాబా మీద తయారైతుంటే అది ఎటు పోవాలె అన్న ఆలోచన లేకుండా కోళ్ళు తెచ్చుకునుడే అసలు సమస్య.

ఇక్కడ అందరూ చేసే పని ఏందంటే పొద్దున్నే పైపు పట్టి కడిగేస్తరు. కడిగితే శుభ్రమైనట్టు కనిపిస్తది, కానీ జరిగేది ఉల్టా. ఎండిన రెట్ట నానుతది, సందుల్లోకి, గూటి కాళ్ళ కిందికి, పారాపెట్ మూలలకి చేరుతది, మధ్యాహ్నం ఎండకి ఉడికి వాసన రెండింతలు అయితది. ఆ నీళ్ళు పోయేది వాన నీళ్ళ పైపులోకి, మన ఊర్లో ఆ పైపు చానా ఇళ్ళల్లో ఇంకుడు గుంతలోకి దిగుతది. అంటే రోజూ కోళ్ళ రెట్ట కలిసిన నీళ్ళని భూమిలోకి, బోరు పక్కనే పంపుతున్నట్టు. నైట్రేట్లు బోరు నీళ్ళలోకి చేరేది ఇట్లనే. గుంత లేని ఇళ్ళల్లోనేమో అదే నీళ్ళు గల్లీలో పారి పక్కింటి గేటు ముందు ఆగుతయి, గొడవ అక్కడ మొదలైతది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఏరియాల్లో ఇంత నీళ్ళు ఇట్ల పారబోసుడు అదొక దండగ.

కాబట్టి కడుగుడు తగ్గించి గీకుడు పెంచాలె. గూటి కింద వరి పొట్టు గానీ రంపపు పొట్టు గానీ రెండు మూడంగుళాలు పరిస్తే అది తడిని పీలుస్తది, తడి రెట్ట పొడిగా మారుతది. నేల మీద వదిలి పెంచేటోళ్ళు డీప్ లిట్టర్ అని ఇంకా మందంగ ఏసి వారానికి రెండు సార్లు తిరగేస్తరు, అట్ల చేస్తే గాలి తగిలి గడ్డలు కట్టదు. పరీక్ష చానా సింపుల్: పొట్టుని పిడికిట్ల పట్టి పిసికి వదిలితే పొడిపొడిగ రాలాలె, ముద్దలాగ ఉండిపోయిందంటే తడి ఎక్కువైనట్టే. ఆ ముద్ద ఎక్కడ ఎక్కువుందో చూస్తే సాధారణంగా నీళ్ళ గిన్నె కింద ఉంటది. వాసన కంప్లైంట్లలో చానా వాటికి కారణం రెట్ట కన్నా నీళ్ళ గిన్నె. కోడి తొక్కుతది, ఒలుకుతది, పొట్టు నానుతది. గిన్నె బదులు కోడి ముక్కుతో పొడిస్తేనే చుక్క వచ్చే నిపుల్ డ్రింకర్ పెట్టినా, కనీసం గిన్నెని కోడి వీపు ఎత్తున వేలాడదీసినా సగం తడి అక్కడికక్కడే తగ్గిపోతది. ఎండాకాలంలో మే నెలలో 42 డిగ్రీలకి కోళ్ళు నోరు తెరిచి వగర్చి నీళ్ళు ఎక్కువ తాగుతయి, రెట్ట నీళ్ళలాగ ఏస్తయి, అప్పుడు పొట్టు ఇంకా తొందరగా మార్చాలె.

బ్లీచింగ్ పౌడర్ గురించి ఒక హెచ్చరిక గట్టిగనే చెప్పాలె. మన దగ్గర మురికి ఎక్కడ కనబడ్డా తెల్లటి పౌడర్ చల్లుడు అలవాటు. తడి రెట్ట మీద, అమ్మోనియా ఘాటు కొడ్తున్న చోట బ్లీచింగ్ చల్లితే రెండూ కలిసి క్లోరమిన్ అనే విషవాయువు పుడ్తది, మూసి ఉన్న షెడ్లో అయితే పెంచేటోళ్ళకీ, పక్షులకీ ఊపిరి ఆడదు. పైగా అంత రెట్ట మీద క్లోరిన్ పనే చెయ్యదు, దాని బలమంతా ఆ పెంటలోనే ఖర్చయిపోతది. సున్నం కూడా అంతే, తడి రెట్ట మీద ఏస్తే ముందుగాల అమ్మోనియాని గుప్పుమని బయటికి తోస్తది. మొత్తం గీకి తీసేసి, నేల ఎండినంక సున్నం కొట్టుడు మంచిదే, ఆ క్రమం తప్పొద్దు. ఫినాయిలు, అగరుబత్తులు వాసనని కప్పుతయి అంతే.

తీసిన రెట్టని ఏం చెయ్యాలె అనేది తర్వాతి ప్రశ్న. కవర్లో కట్టి నాలాలో పడేసుడు అందరికన్నా నీచమైన పద్ధతి, అది కిందున్న బస్తీ ముక్కు కాడికి పోతది. స్వచ్ఛ ఆటోలో తడి చెత్తతో కలిపి ఏస్తే ఆటో అన్న గొడవ పెట్టుకుంటడు, పెట్టుకునుడు కూడా న్యాయమే. కంపోస్టు చేసుడే ఉన్నవాటిలో మంచిది. కోడిరెట్టలో నత్రజని మస్తు ఉంటది, ఒక్కదాన్నే కుప్ప పోస్తే కంపు కొడ్తది, దానికి రెండు మూడింతలు ఎండాకులు, పొట్టు, చింపిన అట్టముక్కలు కలిపి మూత ఉన్న డ్రమ్ములో ఏసి, గాలి ఆడేటట్టు బొక్కలు పెట్టి వారానికోసారి తిప్పాలె. మూడు నెలలు ఆగినంక అది మట్టి వాసన కొడ్తది. పచ్చి రెట్టని కుండీల్లో ఏస్తే మొక్క మాడిపోతది, అంతేగాక సాల్మొనెల్లా లాంటి క్రిములు ఆకుకూరల మీదికి వస్తయి. హైదరాబాద్‌లో మిద్దెతోటల వాళ్ళు ఇప్పుడు ప్రతి కాలనీలో ఉన్నరు, బాగా మగ్గిన కోడి ఎరువు ఇస్తా అంటే సంచి తెచ్చుకొని వస్తరు. వాసనకి తిట్టిన పక్కింటోళ్ళే ఎరువు అడిగేటట్టు చేసుకోవచ్చు, కానీ దానికి ముందు మూడు నెలల ఓపిక కావాలె.

ఈగల లెక్క ఇంకా ఖచ్చితంగా ఉంటది. ఇంటి ఈగ తడి రెట్టలో ఒక్కసారికి 100 దాక గుడ్లు పెడ్తది, మన ఎండలకి గుడ్డు నుంచి రెక్కల ఈగ అయ్యేదాక వారం పది రోజులు చాలు. అంటే వారానికి రెండు సార్లు కింద ఉన్నదంతా తీసేసి మూత డ్రమ్ములోకి మార్చేస్తే ఆ గుడ్డు ఈగ అయ్యే సమయమే దొరకదు. పదిహేను రోజులకోసారి చేసేటోళ్ళు ఎంత పెద్దగ చేసినా ఫలితం ఉండదు, అప్పటికే ఒక తరం ఈగలు పక్కింటి వంటింట్లోకి ఎగిరిపోయినట్టే. మందు కొట్టుడు కన్నా క్యాలెండర్ పట్టుకునుడు మేలు. దోమలది కూడా ఇదే పద్ధతి, నీళ్ళ గిన్నెలు రోజూ ఒంపి, లోపల తుడిచి నింపాలె, డెంగీ దోమకి గిన్నెడు నిలవ నీళ్ళు ఎక్కువే.

దీంట్లో హైదరాబాద్‌కి ప్రత్యేకమైన సమయం ఒకటుంది, ఆషాఢం. వానలు పడేది అప్పుడే, బోనాలు వచ్చేది అప్పుడే. మొక్కు కోసం పుంజులు ముందే కొని డాబా మీద కట్టేసుకుంటరు, కొందరు ధర పెరగకముందే నెల రోజుల ముందు తెచ్చి పెట్టుకుంటరు. పక్షుల సంఖ్య పెరిగేదీ, పొట్టు ఎండని రోజులూ ఒక్కసారే కలుస్తయి. వానాకాలం గాలి పడమర దిక్కు నుంచి గట్టిగ వీస్తది కాబట్టి గూటికి తూర్పు దిక్కున ఉన్న ఇల్లే మొత్తం వాసన భరిస్తది. షెడ్డు రేకుని రెండడుగులు బయటికి పొడిగించుడు, పడమర దిక్కు తార్పాలిన్ పరదా దింపుడు, నేలని స్లాబ్ కన్నా నాలుగంగుళాలు ఇటుకలతో ఎత్తుడు, రెండు బస్తాల పొట్టు ముందే తెచ్చి తడవకుండా దాచుకునుడు, ఇవన్నీ జూన్ రాకముందే అయిపోవాలె, వాన మొదలైనంక చేసేటోళ్ళకి పొట్టు కూడా తడిసినదే దొరుకుతది.

దాణా సంగతి తొందరగ చెప్పుకోవచ్చు. పెద్ద కోడి రోజుకి తినేది 100 నుంచి 120 గ్రాములు, పావురం 30, 40 గ్రాములు. అంతకన్నా ఎక్కువ ఏసిందంతా రాత్రి ఎలుకలకి, పందికొక్కులకి పోతది. సాయంత్రం చీకటి పడకముందే మిగిలింది ఎత్తేసి రేకు డబ్బాలో మూత బిగిస్తే ఎలుకలకి అక్కడ పని ఉండదు. ప్లాస్టిక్ డ్రమ్మునైతే కొరికేస్తయి. ఎలుక ఉన్నకాడికి పాము వస్తది, గుట్టలు, ఖాళీ ప్లాట్లు పక్కన ఉన్న కాలనీల్లో ఇది రోజూ చూసే ముచ్చటే, పాము కనిపిస్తే కొట్టకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి చెప్పుడు మంచిది. చల్లిన గింజలకి ఊర పావురాలు కూడా దిగుతయి, అవి పెంచిన పక్షులకి రోగం అంటిస్తయి, పైగా పక్కింటి బాల్కనీలు, ఏసీ డబ్బాలు అన్నీ కరాబు చేస్తయి, ఆ తప్పు కూడా పెంచేటోళ్ళ మీదనే పడ్తది.

పావురాల దగ్గర కొంచెం సేపు ఆగాలె, ఎందుకంటే ఇక్కడ సమస్య వాసన కన్నా దుమ్ము. పావురం ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతది, ఎండిన రెట్ట కూడా పొడై గాలిలో కలుస్తది. ఏండ్ల తరబడి ఆ పొడి పీల్చినోళ్ళలో కొందరికి ఊపిరితిత్తులు ఎలర్జీతో వాచి, మెల్లమెల్లగ గట్టిపడిపోతయి, డాక్టర్లు దీన్ని హైపర్ సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటరు. మొదట్లో పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ఆస్తమా అనుకొని ఇన్హేలర్ పంపులు వాడుతుంటరు, అసలు సంగతి తెలిసేసరికి ఊపిరితిత్తి మీద మచ్చ పడిపోయి ఉంటది, ఆ మచ్చ తిరిగి పోదు. మన దేశంలో ఇట్లాంటి ఊపిరితిత్తుల జబ్బులున్న 1084 మందిని రిజిస్ట్రీలో ఎక్కించి 2017లో ఫలితాలు అచ్చేసినప్పుడు 47 శాతం మందిది ఈ జబ్బే అని తేలింది, వాళ్ళలో చానామందికి ఎయిర్ కూలర్లతో, కొందరికి పక్షులతో సంబంధం కనిపించింది. హైదరాబాద్ డాబాల మీద ఈ రెండూ ఒక్క దగ్గరే ఉంటయి అన్నది మర్చిపోవద్దు. ఎండాకాలం పక్కింటి కూలర్ గూటికి ఆరడుగుల దూరంలో నడుస్తుంటే అది ఆ దుమ్ముని గుంజి తడి గడ్డి మీదికి పట్టి నేరుగా పిల్లలు పడుకున్న గదిలోకి వదులుతది. గూడు ఎక్కడ పెట్టాలె అనే ప్రశ్నకి మొదటి జవాబు ఇదే: ఎవ్వరి కూలర్‌కీ, కిటికీకీ, నీళ్ళ ట్యాంకుకీ దగ్గర్లో వద్దు. డాబా మీద సింటెక్స్ ట్యాంకు మూత పగిలి ఉంటే పావురాలు దాని మీదనే కూర్చుంటయి, ఇంకేం చెప్పాలె.

పావురాల గూడు ఊడ్చేటప్పుడు కోళ్ళ గూటికి చెప్పిన మాటకి ఒక సవరణ ఉంది. ఎండి గట్టిపడ్డ రెట్టని చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తది, క్రిప్టోకాకస్ లాంటి ఫంగస్ అందులోనే ఉంటది, షుగర్ ఉన్నోళ్ళకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేటోళ్ళకి అది ప్రమాదం. స్ప్రే సీసాతో సన్నగ తుంపర కొట్టి, దుమ్ము అణిగినంక గీకి, అప్పటికప్పుడే సంచిలో ఎత్తాలె, మొహానికి ఎన్95 మాస్క్ పెట్టుకోవాలె, మామూలు బట్ట మాస్క్ ఆ సన్న దుమ్ముని ఆపదు. తుంపరకీ పైపు పట్టి కడుగుడుకీ తేడా ఉంది, తుంపర పది నిమిషాల్లో ఆరిపోతది.

పాతబస్తీలో పావురాలు ఎగరేసే ఇళ్ళ మీద వచ్చే కంప్లైంట్ ఒకటి బయటోళ్ళకి తోచదు. పావురాలు ఎగరేసే పిల్లలు, పెద్దలు పొద్దున సాయంత్రం మిద్దె మీదనే ఉంటరు, ఈలలు, కేకలు, గుంపుని లేపడానికి గుడ్డ కట్టిన కర్ర ఊపుడు, ఇదంతా సరే, కానీ ఆ మిద్దె నుంచి నాలుగిళ్ళ వాకిళ్ళు కనిపిస్తయి. ఆడవాళ్ళు డాబా మీద బట్టలు ఆరేసుకోవాలన్నా, వాకిట్ల కూర్చోవాలన్నా ఇబ్బంది పడ్తరు. దీనికి రెట్టతోటి, రోగంతోటి సంబంధమే లేదు, ఇది చూపు సమస్య. పక్కిళ్ళ దిక్కు ఆరడుగుల ఎత్తున గ్రీన్ షేడ్ నెట్టో, రేకో కట్టేస్తే, ఎగరేసే టైములు ముందే చెప్పి పెట్టుకుంటే ఏండ్ల నాటి కక్షలు కూడా సల్లబడ్తయి. ఈ పని పెంచేటోళ్ళు తమంతట తాము చెయ్యాలె, అడిగిచ్చుకునేదాక ఆగితే అప్పటికే మాట పెరిగి ఉంటది.

ఇంక పుంజు కూత. ముందుగాలే అనుకున్నట్టు ఇది వేరే లెక్క. వెలుతురు చూసి కూస్తదని అందరూ అనుకుంటరు, అందుకని గూటికి నల్ల గుడ్డ కప్పుతరు, రెండు రోజులు చూసి పని చెయ్యట్లేదని వదిలేస్తరు. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ళు 2013లో తేల్చిందేందంటే పుంజు లోపల గడియారం ఉంటది, రోజంతా మసక వెలుతుర్లోనే ఉంచినా అది తెల్లవారే టైమ్ లెక్కగట్టి కూస్తనే ఉంటది, తెల్లారడానికి రెండు గంటల ముందు నుంచే మొదలుపెడ్తది. 2015లో ఇంకొకటి కూడా చెప్పిన్రు, గుంపులో అందరికన్నా పై పుంజు మొదలు కూస్తది, మిగిలినవి వరుస ప్రకారం అందుకుంటయి. అంటే నాలుగు పుంజులు పెడితే గొడవ నాలుగింతలు అయితది, ఒకటి ఆగంగానే ఇంకోటి. వీధి దీపం, బండి హారన్, పక్క గల్లీ పుంజు కూత, ఇవన్నీ కూడా దాన్ని రెచ్చగొడ్తయి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 సంవత్సరం నుంచి ఉన్నయి, నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక 45 డెసిబెల్స్ దాటొద్దంటయి, పుంజు గోడవతల నుంచి కూసినా ఆ గీత దాటుతది.

చానామందికి తెలవని సంగతి, గుడ్ల కోసం పుంజు అసలు అక్కర్లేదు. పెట్ట పుంజు లేకున్నా గుడ్డు పెడ్తది, పిల్లలు కావాలంటేనే పుంజు అవసరం. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారు చేసిన గ్రామప్రియ, శ్రీనిధి లాంటి రకాలు పెట్టలుగా తెచ్చుకొని పెంచితే కూత సమస్య పుట్టదు. బోనాల పుంజుని పండక్కి రెండు రోజుల ముందు తెచ్చుకుంటే పక్కింటోళ్ళు కూడా ఏమనరు, అది అందరి పండగ. మెడకి బెల్టు కట్టి కూత ఆపుడు, గాలి ఆడని డబ్బాలో పెట్టుడు మాత్రం చెయ్యొద్దు, మన వేసవి రాత్రుల్లో అది చచ్చిపోతది. పందేల కోసం పదేసి పుంజులు బుట్టల కింద పెట్టి పెంచేటోళ్ళ విషయంలో సర్దుబాటు అనే మాటకే తావు లేదు, పందెమే 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

రోగాల మాటకొస్తే భయపడాల్సినవి వేరు, పట్టించుకుంటే చాలనేవి వేరు. కోళ్ళని ఎక్కువ చంపేది కొక్కెర తెగులు, మనుషులకి అది పెద్దగ ఏం చెయ్యదు, కళ్ళు ఎర్రబడి కొన్ని రోజుల్లో తగ్గుతది. వారం వయసులో లసోటా టీకా చుక్కలు, రెండు నెలలప్పుడు ఆర్2బి టీకా సూది ఏపిస్తే చాలు, ఈ వ్యాక్సిన్ల తయారీ సంస్థ మన శాంతినగర్‌లోనే ఉంది, అయినా నగరంలో నాలుగు కోళ్ళున్నోళ్ళు టీకా ఏపించేది చానా తక్కువ. తెగులొచ్చి చచ్చినవాటిని నాలాలో పడేస్తరు, కుక్కలు గుంజి గల్లీల్లోకి తెస్తయి. బర్డ్ ఫ్లూ మాత్రం నిజంగా భయపడాల్సింది. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ దిక్కు తొర్రూరులో, 2025లో అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు బాటసింగారంలో కోళ్ళ ఫారాల్లో వచ్చింది, రెండూ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలే. వైరస్ తేలినంక కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నిటినీ, డాబా మీద నాలుగున్నా సరే, చంపి పూడుస్తరు, పది కిలోమీటర్ల దాక నిఘా పెడ్తరు. నష్టపరిహారం ఇచ్చేది అధికారులు చంపిన పక్షులకే, అప్పటికే చచ్చినవాటికి రాదు. అందుకే రెండు మూడు కోళ్ళు ఒక్కసారి చచ్చిపోతే, తలలు వాచి నీలం తిరిగితే దాచిపెట్టుడు పెంచేటోళ్ళకే నష్టం. చేతులతో ముట్టకుండా, కొయ్యకుండా దగ్గర్లో పశువైద్యశాలకి ఫోన్ చెయ్యాలె, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది. రోగం పట్టిన కోడిని అగ్గువకి అమ్మేసుడు గానీ, పచ్చిమాంసం పిల్లల చేతికి అందనిచ్చుడు గానీ ఘోరమైన తప్పు. ముర్గీచౌక్ నుంచో సంత నుంచో కొత్త పక్షి తెస్తే రెండు మూడు వారాలు వేరే మూలన, వేరే గిన్నెతో ఉంచి చూసినంకనే గుంపులో కలపాలె, పాత పక్షులకి మేతేసినంకనే కొత్తదాని దగ్గరికి పోవాలె.

చట్టం దగ్గరికి వస్తే ఇది అనుకున్నంత సూటిగ ఉండదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు 5000 పైన కోళ్ళున్న ఫారాలకి వర్తిస్తయి, ఇళ్ళకి 500 మీటర్ల దూరం ఉండాలంటయి, డాబా మీద ఇరవై కోళ్ళకి అవి పట్టవు. అమ్మకానికి పెంచితే బల్దియా, అంటే మున్సిపాలిటీ, ట్రేడ్ లైసెన్స్ మాట వస్తది. ఇంటి అవసరానికి పెంచుకుంటే పబ్లిక్ న్యూసెన్స్ అనే పాత సూత్రమే దిక్కు, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 270 దాన్ని నిర్వచిస్తది, 292 కింద జరిమానా వెయ్యి రూపాయలు మించదు. దానికన్నా పనికొచ్చేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152, పాత సీఆర్‌పీసీ 133 అన్నమాట, దాని కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ న్యూసెన్స్ తొలగించమని ఆర్డర్ ఇయ్యొచ్చు. పైసలు లేవని చెప్పి మున్సిపాలిటీ న్యూసెన్స్ తొలగించే బాధ్యత నుంచి తప్పించుకోలేదని 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీదనే చెప్పింది. రామచిలుకలు, మైనాలు, మునియాలు పెంచుతుంటే అది న్యూసెన్స్ ముచ్చటే కాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలకి ఆ ఇబ్బంది లేదు.

కంప్లైంట్ పెట్టేటోళ్ళు చేసే పొరపాటు ఏందంటే "మస్తు వాసనొస్తుంది, తీసేయించండి" అని ఒక్క ముక్క రాస్తరు. బల్దియా సర్కిల్ ఆఫీసులో ఏఎంఓహెచ్, అంటే ఆరోగ్య అధికారి, మనిషిని పంపే రోజుకి అక్కడ కడిగి ఉంటది, ఏం లేదని రాసిపోతరు. ఏ తారీఖున, ఏ టైముకి, రెట్ట నీళ్ళు ఎక్కడ పారినయి, ట్యాంకు మీద ఏముంది, ఇంట్లో ఎవరికి ఆయాసం ఉంది, డాక్టర్ ఏం రాసిండు, ఇవన్నీ ఫోటోలతోటి పెట్టాలె. దానికన్నా ముందు ఒక్కసారి మెట్లెక్కిపోయి నేరుగ మాట్లాడాలె, అది కూడా ఫలానా పని చెయ్యండి అని అడగాలె: ఈ గిన్నె వేలాడదీయండి, గూడు మా కూలర్ దిక్కు నుంచి అటు జరపండి, బుధవారం ఆదివారం తీసేయండి, పుంజుని ఊరికి పంపండి. కోళ్ళే తీసేయమంటే ఎవ్వరూ ఒప్పుకోరు, గిన్నె మార్చమంటే కాదనేటోళ్ళు తక్కువ.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. టెర్రస్ అందరిదీ, అందులో ఒకరు గూడు పెట్టుకోవాలంటే అసోసియేషన్ తీర్మానం రాతపూర్వకంగా ఉండాలె, లేకుంటే ఎంత శుభ్రంగ పెంచినా ఏదో ఒకరోజు గొడవైతది. ఆ తీర్మానంలో రాసుకోవాల్సినవి కొన్నే: ఎన్ని పక్షులు, కోడికి కనీసం రెండు చదరపుటడుగుల జాగా లెక్కన ఎంత గూడు, పుంజు వద్దు, వారానికి ఏ రెండు రోజులు శుభ్రం చేస్తరు, ఊరికి పోతే ఎవరు చూస్తరు, లిఫ్ట్‌లో దాణా బస్తా ఎక్కిస్తే ఒలికింది ఎవరు ఊడుస్తరు. సెలవలకి ఊరికి పోయినప్పుడే చానా గూళ్ళు పాడైతయి, నాలుగు రోజులు వాచ్‌మెన్‌కి దాణా ఏయమని చెప్పి పోతరు గానీ రెట్ట తీయమని చెప్పరు, ఆ పనికి వేరే పైసలు ఇస్తా అని కూడా చెప్పరు. సంక్రాంతికి, దసరాకి పోయే ముందు పొట్టు మొత్తం మార్చి, ఆ వాచ్‌మెన్‌కి గ్లవ్స్, మాస్క్, డ్రమ్ము ఎక్కడుందో చూపించి, చేసే పనికి పైసలు ముందే ఇచ్చి పోవాలె.